ఏకాంతము – సహచరులు: ఓనో ఫుయుమి ‘జూనికొకుకి’ నవలామాలిక, దాని దృశ్యరూపము

1. విషయప్రవేశము

ఒకే కథ చదువునపుడు పాఠకున కందునది వేఱు. రంగముపైననో తెఱపైననో చూచునపుడు ప్రేక్షకున కందునది వేఱు. ఈ భేదమును భారతీయ లాక్షణికులు శ్రవ్య దృశ్య విభాగముచే ఏనాడో గుర్తించి, దృశ్యమునకు మాత్రమే చెందిన నియమములను ప్రత్యేకముగా వివరించిరి. శ్రవ్యమున కవి పాత్రయొక్క మనస్సులోనికి ప్రవేశించి అందలి సంచలనమును తానే చెప్పగలడు. దృశ్యమున కవికి నోరు లేదు. పాత్ర పలికినది, చేసినది, దాని ముఖమున గోచరించినది తప్ప ప్రేక్షకునకు వేఱాధారము లేదు. కావున శ్రవ్యమును దృశ్యముగా మార్చువాడు మూలమునందలి మౌనమును ఏమి చేయవలయునను ప్రశ్న తప్పక పుట్టును.

ఈ ప్రశ్నకు ఆధునిక జపాను వాఙ్మయమునుండి ఒక మంచి లక్ష్యము లభించుచున్నది. అది ఓనో ఫుయుమి రచించిన ‘జూనికొకుకి’ అను నవలామాలిక. ‘పన్నెండు రాజ్యముల వృత్తాంతము’ అని ఆ పేరున కర్థము. ఇది జపానునందు ‘లైట్ నావెల్’ అని వ్యవహరింపబడు జనప్రియ శాఖతో కలిసి పెరిగిన రచన. ఆ శాఖను కేవలము కౌమారవయస్కుల వినోదసామగ్రిగా నెంచి విద్వాంసులు వదలివేయుట కద్దు. అట్లు వదలివేయదగని రచనలలో ఇది యొకటి.

ఈ మాలికలోని ప్రథమకథకు ప్రాణము నాయిక యొంటరితనము. ఆ కథను టెలివిజను ధారావాహికగా మలచిన రచయిత ఆమెకు ఇద్దరు సహచరులను కూర్చెను. ఆ కూర్పువలన సమకూడినదేమి, పోయినదేమి యను విచారమే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము. ఇట్టి మార్పు భారతీయ వాఙ్మయమునకు క్రొత్తది కాదు గనుక, శాకుంతలోపాఖ్యానముతోడి పోలిక తుదియందు చూపబడును.

2. గ్రంథచరిత్ర

ఓనో ఫుయుమి 1960లో క్యూషూ ద్వీపమందలి ఓయితా మండలమున నకత్సు పట్టణమునందు జన్మించెను. క్యోటోలోని ఓతని విశ్వవిద్యాలయమున విద్యాభ్యాసము చేసెను. 1988లో బాలికల నవలలతో రచనావ్యాసంగమున ప్రవేశించి, భయానకకథలకు పేరు గాంచెను. 1991లో షించోషా సంస్థ ఆమె ‘మాషో నో కో’ అను నవలను ప్రకటించెను. బాల్యమున ఒక సంవత్సరముపాటు అదృశ్యుడై తిరిగివచ్చిన విద్యార్థి యొకడు, అతనికి హాని చేసినవారికెల్ల సంభవించు మరణములు, ఆ విద్యార్థిని అర్థము చేసికొనగోరు యువోపాధ్యాయుడు: ఇది ఆ నవలలోని వస్తువు. అది వెలువడినపుడు స్వతంత్రమైన భయానకనవలగానే యుండెను. దాని వెనుక నొక సమగ్రలోకము దాగియున్నదని తరువాతి గ్రంథములవలననే స్పష్టమయ్యెను.

ఆ లోకమును నేరుగా వర్ణించిన మొదటి నవల ‘త్సుకి నో కగే, కగే నో ఉమి’. 1992 జూను, జూలై నెలలలో రెండు సంపుటములుగా కోదాన్‌షా సంస్థవారి ‘వైట్ హార్ట్’ అను గ్రంథమాలయందు ఇది వెలువడెను. ‘చంద్రుని నీడ, నీడల కడలి’ అని శీర్షిక కర్థము. మొదటి పాదము ముగిసిన ‘కగే’ అను పదముతోనే రెండవ పాదము మొదలగుచున్నది. మన ఆలంకారికుల పరిభాషలో ఇది ముక్తపదగ్రస్తము. ఒక లోకపు నీడయే మఱియొక లోకమునకు ద్వారమగు కథకు ఈ శబ్దచమత్కారము కేవలాలంకారము కాక, వస్తుసూచకమగుచున్నది.

తరువాత 1993లో ‘కజే నో ఉమి, మేయిక్యూ నో కిషి’, 1994లో ‘హిగాషి నో వదత్సుమి, నిషి నో సోకై’, అదే వత్సరమున ‘కజే నో బన్రి, రేయిమేయి నో సోరా’, 1996లో ‘తోనన్ నో త్సుబాసా’, 2001లో ‘తసొగారే నో కిషి, అకత్సుకి నో సోరా’ వెలువడినవి. అటుపిమ్మట కథాసంపుటములు వచ్చినను, దీర్ఘకథ మాత్రము పదునెనిమిది వత్సరములు నిలిచిపోయెను. 2019లో నాలుగు సంపుటముల ‘షిరొగనే నో ఓకా, కురో నో త్సుకి’ వెలువడి దానిని ముందునకు నడపెను. 2020లో ఈ నవలామాలికకు యోషికావా ఏయిజి బుంకో పురస్కారము లభించెను.

లైట్ నావెల్ అను శాఖాస్వరూపమును గూర్చి ఈ గ్రంథముల ముద్రణచరిత్ర ఒక ముఖ్యాంశమును బోధించుచున్నది. ‘వైట్ హార్ట్’ మాల బాలికల కుద్దేశింపబడినది. చేతి కిముడు చిన్నపుస్తకము, సరళమైన వెల, యమదా అకిహిరో చిత్రించిన ముఖపత్రము, లోపలి చిత్రములు దాని లక్షణములు. 2000 సంవత్సరమునుండి ఇదే గ్రంథమును కోదాన్‌షావారే చిత్రములు లేకుండ ప్రౌఢపాఠకుల సాధారణ గ్రంథమాలయందు పునర్ముద్రించిరి. 2012నుండి షించోషావారు క్రొత్త ముద్రణములను వెలువరింప నారంభించి, వెనుకటి ‘మాషో నో కో’ను కూడ మాలికయందు చేర్చిరి. కథ యొక్కటియే, అట్ట మాఱినపుడెల్ల దాని శాఖయు మాఱినది. కావున లైట్ నావెల్ అనునది రచనయొక్క ఆంతరధర్మముకంటె ప్రకటనవిధానముయొక్క నామమనుట యుక్తము. శాఖనుబట్టి గ్రంథగౌరవమును నిర్ణయించుట ఎంత యసంగతమో ఇందువలన తెలియును.

3. కిరిన్ – రాజు

ఓనో కల్పించిన లోకము రేఖాగణితమువలె సమవిభక్తము. నడుమ ‘పచ్చసముద్రము’ అను పేరుగల మానవశూన్యమైన అరణ్యభూమి, దాని కేంద్రమున హోజాన్ పర్వతము, చుట్టును ఎనిమిది రాజ్యములు, వెలుపలి సముద్రమున మఱి నాలుగు రాజ్యములు. ప్రాచీన చీనా గ్రంథమైన ‘షన్ హై జింగ్’ నుండి వింతజంతువులును, ‘చౌలీ’ యను పాలనాగ్రంథమునుండి ఆకాశ, భూమి, ఋతువుల పేర్లుగల ఆఱు మంత్రిశాఖలును గ్రహింపబడినవి. ఆ లోకమున శిశువులు తల్లిగర్భమున కాక చెట్టుకు కాయలై పుట్టుదురు. రెండు లోకముల నడుమ తుపానువలె చెలరేగు ‘షోకు’ అను ఉత్పాతమున ఆ కాయ కొట్టుకొనిపోయినచో, అది జపానునందో చీనాయందో ఒక స్త్రీగర్భమున ప్రవేశించును. అట్లే ఇచటి మనుష్యులు అచట కొట్టుకొనివచ్చుటయు కలదు. జపానునుండి వచ్చినవారిని ‘కైక్యకు’, అనగా కడలి యతిథులనియు, చీనానుండి వచ్చినవారిని ‘సన్‌క్యకు’, అనగా కొండ యతిథులనియు వ్యవహరింతురు.

ప్రతి రాజ్యమునకు ఒక రాజు, ఒక కిరిన్ కలరు. కిరిన్ చీనా పురాణములలోని కరుణామయమైన మృగము. సత్పురుషుని యావిర్భావమునకు సూచకమని దాని ప్రసిద్ధి. ఓనో కథలయందు కిరిన్ మానవరూపమును కూడ ధరించి, దైవసంకల్పానుసారముగా రాజును వరించును. వంశక్రమము లేదు. రాజు తప్ప మఱి యెవ్వరి యెదుటను కిరిన్ శిరసు వంచజాలదు. రాజు ధర్మము తప్పినచో మొదట కిరిన్ వ్యాధిగ్రస్తమగును. కిరిన్ మరణించినచో రాజును చిరకాలము బ్రదుకడు. సింహాసనము శూన్యమైనచో వానలు గతి తప్పును, పంటలు నశించును, భూతమృగములు జనపదములమీద పడును.

అరాజకదేశమున వాన కురియదను భావము భారతీయులకు చిరపరిచితము. దశరథుని మరణానంతరము ఋషులు అరాజకరాజ్యస్థితిని వర్ణించు అయోధ్యాకాండ ఘట్టము సుప్రసిద్ధము. మృగము రాజును వరించుటయు మనకు తెలియనిది కాదు. సంతానహీనుడైన రాజు మరణింపగా పట్టపుటేనుగు తొండమున పూలమాల నిచ్చి విడుచుట, అది దారిని పోవు బాటసారి మెడలో వేయుట మన జానపదకథలలో తఱచుగా కనిపించును. జైనకథావాఙ్మయమున ఏనుగు, గుఱ్ఱము, ఛత్రము, చామరము, కలశము అను పంచదివ్యములు రాజును నిర్ణయించును. అయితే భేద మొకటి కలదు. మన కథలలో ఏనుగు మాల వేయుటతో కథ ముగియును. ఏనుగు తన శాలకు మరలిపోవును. ఓనో కథలలో వరణముతోనే కథ మొదలగును. కిరిన్ మంత్రియై రాజుచెంతనే యుండును. దాని శరీరమే రాజవర్తనమునకు తులాదండము. దైవము రాజును ఎన్నుకొనును గాని, రాజత్వమును ఇచ్చుట లేదు. దానిని రాజు తానుగా సంపాదించుకొనవలయును.

4. నాయిక యేకాంతము

నకజిమా యోకో జపానునందలి ఉన్నతపాఠశాల విద్యార్థిని. ఆమె కేశములు స్వభావముచేతనే కొంత యెఱ్ఱనివి. ఆ కారణమున ఆక్షేపణకు పాత్రురాలగుచుండును. ఎవ్వరికిని కోపము రాకుండ మెలగుటయే ఆమెకు తెలిసిన నీతి. తలిదండ్రులయెదుట ఒక ముఖము, ఉపాధ్యాయులయెదుట ఒక ముఖము, తోటివారియెదుట వేఱొక ముఖము. ఒకనాడు కేకి యను అపరిచితుడు పాఠశాలలో ప్రవేశించి ఆమె పాదములకు మ్రొక్కి, తన్ను స్వీకరింపుమని కోరును. అతడు కేయి రాజ్యపు కిరిన్. భూతమృగములు పైబడుచుండగా, ఏమి చేయుచున్నదో తెలియకయే ఆమె ‘యురుసు’ అను నొక్క మాట పలుకును. ఈ క్రియకు అనుమతించుట, క్షమించుట అను రెండర్థములు జపానుభాషయందు కలవు. తెలుగున వేఱువేఱు పదములు కావలసిన ఈ రెండర్థములును ఒక్క మాటయం దిమిడియుండుట కథాగతికి తోడ్పడుచున్నది. కథారంభమున ఆమె యిచ్చినది అనుమతి. క్షమ యననేమో ఆమె యెఱుగవలసియున్నది.

చెంత వీడనని ప్రమాణము చేసిన కేకి వెంటనే ఆమెకు దూరమగును. షోకువలన యోకో కో అను రాజ్యపు తీరమున ఒంటరిగా పడును. ఆ రాజ్యమున కైక్యకులను వేటాడుదురు. ఆశ్రయమిచ్చిన యొక స్త్రీ ఆమెను వేశ్యాగృహమున కమ్మజూచును. తరువాత తారసపడిన జపాను వృద్ధుడు, తన దేశీయుడే గదా యని ఆమె నమ్మినవాడు, ఆమె వస్తువులను దొంగిలించి పోవును. ఆకలి, గాయములు, రాత్రులందు భూతమృగములతో పోరు: మొదటి సంపుటమంతయు ఇదియే. పాఠకునకు ఊరట కలిగించు రకుషున్ అను పాత్ర రెండవ సంపుటమునందు గాని రాడు. ఆ రోజులలో బాలికలకై ప్రకటింపబడిన నవలయందు నాయికను ఇంత దూరము నిరాశ్రయగా నడిపించుట సాహసమే.

ఈ యేకాంతమున ఆమెతో మాటలాడునది ఒక నీలవానరము. కేకి ఇచ్చిన ఖడ్గము ఆమె విడిచివచ్చిన లోకపు దృశ్యములను చూపుచుండును: తన్ను గూర్చి తోటివారును, ఉపాధ్యాయులును, తలిదండ్రులును ఏమి చెప్పుకొనుచున్నారో ఆమె చూచును. ఎవ్వరికిని తన్ను గూర్చి ఏమియు తెలియదని గ్రహించును. అంత వానరము వచ్చి పరిహసించును: ఎవ్వరిని నమ్మవలదు, మోసపోకముందే మోసగింపుము, చచ్చుట సుఖము. ఆ వానరము వేఱొక ప్రాణి కాదు. పోయిన ఖడ్గకోశముయొక్క రూపము. అది చెప్పునదంతయు ఆమె లోలోన భయపడుచున్నదే. లాక్షణికపరిభాషలో చెప్పవలసినచో, ఇది శరీరము దాల్చిన స్వగతము.

రకుషున్ ఎలుకరూపము గల అర్ధమృగము. కో రాజ్యమున అర్ధమృగములకు భూమియు, ఉన్నతవిద్యయు లభింపవు. అతడు చావుబ్రదుకులలో నున్న యోకోను ఇంటికి గొనిపోయి సేవ చేసి, ఎన్ రాజ్యమునకు వెంట వచ్చును. దారిలో ఒక నగరద్వారమున భూతమృగములు పైబడగా రకుషున్ గాయపడి పడిపోవును. యోకో అతనిని విడిచి పాఱిపోవును. తన జాడ అతడు చెప్పివేయునేమో, వెనుకకు పోయి చంపివేయుటయే మేలని వానరము ప్రేరేపించును. నవలకు కీలకమగు ఘట్ట మిదియే. ఆమె తన హృదయమును తానే విచారించుకొని ఒక నిశ్చయమునకు వచ్చును: ఇతరులు తన్ను మోసగించినచో నీచులగువారు వారే, తాను నమ్ముటకును, వారు ద్రోహము చేయుటకును సంబంధము లేదు. ఆ నిశ్చయముతో వానరమును ఖండించును. దాని స్థానమున పోయిన ఖడ్గకోశము లభించును.

ఇచట సాక్షి యొక్కడును లేడు. ఆమె మాఱినదని చూచి మెచ్చుకొనుట కెవ్వరును లేరు. ఆ తరువాతనే ఆమె కేయి రాజ్యమునకు దైవము వరించిన రాజ్ఞి యని తెలియును. అనగా రాజ్ఞి యని తెలియకముందే, ఎవ్వరును చూడనిచోట, ఆమె రాజ్యార్హత సిద్ధించినది. కథలోని రాజనీతి అంతయు ఈ క్రమముపై నాధారపడియున్నది.

5. దృశ్యరూపము

2002 ఏప్రిలునుండి 2003 ఆగస్టువరకు జపాను జాతీయ ప్రసారసంస్థయైన ఎన్.హెచ్.కె. తన ఉపగ్రహవాహినియందు ఈ కథలను 45 భాగముల యానిమేషన్ ధారావాహికగా ప్రసారము చేసెను. స్టూడియో పియెర్రో దానిని నిర్మించెను. కొబాయషి త్సునెయో దర్శకుడు. కథాసంవిధానమున ప్రధానహస్తము ఐకావా షో అను రచయితది. మాలికలోని మొదటి నాలుగు దీర్ఘకథలు అందు ప్రధానముగా గ్రహింపబడినవి. కొన్ని కథలు వీడియో క్రీడలుగాను వెలువడినవి. అవి ఈ విచారమున కంతగా నుపకరింపవు.

ఐకావా చేసిన ప్రధానమైన మార్పు సహచరకల్పన. నవలయందు సుగిమోతో అను తోటి విద్యార్థిని కలదు; తరగతిలో అందఱిచేత వెలివేయబడిన యామెను యోకోయు భయముచేత ఆదరింపదు. అంతతో ఆమె పాత్ర సరి. ధారావాహికయందు ఆ సుగిమోతో యూకాయు, అసానో ఇకుయా అను బాలుడును యోకోతో కూడ అన్యలోకమున పడుదురు. ముగ్గురును కొంతదూరము కలిసి నడచి, పిదప విడిపోవుదురు.

ఈ కల్పనకు కారణము సులభముగా ఊహింపదగినదే. నవలలోని మొదటి సంపుటమున అధికభాగము ఒక బాలిక మనస్సులోని మాట. దానిని తెఱపై చూపవలసినచో గళధ్వనిచే స్వగతమును నిరంతరము వినిపింపవలయును. లేదా ఆమె మాటలాడుటకు ఎవ్వరినైనను సమకూర్పవలయును. ధనంజయుడు దశరూపకమున నాట్యభాషితమును సర్వశ్రావ్యము, నియతశ్రావ్యము, అశ్రావ్యము అని విభజించెను. మూడవదియగు అశ్రావ్యమే స్వగతము. మాటలాడక తిరుగు నాయిక యొక్కతెయే గల నాటకము అశ్రావ్యముతోనే నడువవలసివచ్చును. అది చిరకాలము నిలుచుట దుర్లభము.

అయితే నీలవానరము ఉండనే యున్నది; ధారావాహికయందును అది కలదు. స్వగతము అప్పటికే రూపముదాల్చి సిద్ధముగా నుండగా మఱి యిద్దఱు ఎందులకు? వానరమునకు యోకో ఎఱిగినదే తెలియును. అది ఆమెను లోపలినుండి మాత్రమే చూపగలదు. వెలుపలినుండి ఆమెను చూచుటకు పరుల కన్నులు కావలయును. సుగిమోతో ఆ పనిని రెండు విధముల నెఱవేర్చుచున్నది.

మొదటిది భాషావిషయము. నవలయందు యోకో ఆ లోకమున అందఱి మాటలను ఆరంభమునుండియు గ్రహించుచుండును. వారు జపానుభాషయే మాటలాడుచున్నారని ఆమె భావించును. ఆమెకును పాఠకునకును సందేహము తోచదు. ఆ జపాను వృద్ధుడు ఆశ్చర్యపడినపుడే ఇచటి భాష వేఱనియు, కైక్యకులకు అది యర్థము కాదనియు బయటపడును. అటువంటి రహస్యగోపనము శ్రవ్యమునకే సాధ్యము. ధారావాహికయందు మాత్రము, సహచరులకు అర్థముకాని మాటలు యోకోకు అర్థమగుచుండుట ప్రేక్షకునకు వెంటనే ప్రత్యక్షమగును. రహస్యము పోయినను, ఆమె సామాన్యురాలు కాదను సూచన ఉపదేశము లేకయే దృశ్యముచే సిద్ధించినది. ఇది నాటకరచయితయొక్క నేర్పు.

రెండవది కోరికను గూర్చినది. నవలలోని యోకో అన్యలోకమును కోరినది కాదు. ఇంటికి పోవుటయే ఆమె యాశ. సుగిమోతో అట్లు కాదు. తనకు తగిన లోక మెక్కడనో వేచియున్నదని నమ్మినది. వచ్చినపుడు తానే ఎన్నుకొనబడిన నాయిక నని తలచినది. ఆ భ్రమచే కో రాజు పక్షమున చేరి యోకోకు శత్రువైనది. ఇట్టి నవలలను చదువువారి హృదయములలో నుండు స్వప్నమే ఆమె రూపమున తెఱపైకి వచ్చెననవచ్చును. తుదకు తన భ్రమ నెఱిగి ఆమె జపానునకు మరలిపోవును. అసానో గతి శోచనీయము: భాష రాక, తోడు లేక, మతి చలించి, తరువాతి కథలో మరణించును.

ఈ లాభములకు చెల్లింపబడిన మూల్యము తక్కువది కాదు. నవలయందు నమ్మకము, అపనమ్మకము, రెండును యోకో హృదయముననే పోరాడును. ధారావాహికయందు అపనమ్మకములో నొకపాలు సుగిమోతో వశమైనది. చెడుతలంపు మఱియొకతెకు చెందినపుడు నాయిక నిర్దోషిగా కనిపించును; నిర్దోషిత్వము పెరిగినకొలది ఆమె జయము తేలికయగును. గాయపడిన స్నేహితుని చంపదలచి వెనుదిరిగిన బాలికయే రాజ్ఞి కాగలదను నవలాహృదయము తెఱపై కొంత మెత్తబడినది.

6. భాష – దాస్యము

భాషావిషయమున మాలికలోని మఱియొక కథ భాషాధ్యేతలకు విశేషాసక్తిని కలిగింపగలదు. ‘కజే నో బన్రి, రేయిమేయి నో సోరా’ (‘పదివేల యామడల గాలి, ఉషఃకాలపు మిన్ను’) అను నవలయందు ముగ్గురు బాలికల కథలు వేఱువేఱుగా నడచి తుదకు కలియును. అందొకతె సుజు. మేయిజి యుగమున దారిద్ర్యముచే ఊరు విడిచిపోవుచు షోకువలన ఆ లోకమున పడిన జపాను బాలిక. ఆమెకు ఒక్కమాటయు అర్థము కాదు. నవ్వినను ఏడ్చినను కారణము చెప్పజాలదు.

ఆ లోకమున సిద్ధులుగా నమోదైనవారికి సర్వభాషలును అవగతమగును. రియో యను సిద్ధురాలు సుజును పరిచారికగా స్వీకరింపగా, సుజు ఆ గణమున చేరి మాటల నర్థము చేసికొనగలిగెను. రియో క్రూరురాలు. అయినను ఆ కొలువు విడిచినచో సిద్ధత్వము పోవును. సిద్ధత్వముతో భాషయు పోవును. ఆ భయముచే సుజు సుమారు నూఱేండ్లు ఆమెకు దాస్యము చేసెను. భాష లేమి మానవుని ఎంతటి పరాధీనతకు లోబఱచునో ఇంతకంటె సూటిగా చెప్పిన కథలు అరుదు.

ఓనో ఇంతటితో ఆగలేదు. భాష లభించిన పిమ్మటను సుజు ఎవ్వరిని అర్థము చేసికొనలేదు, ఎవ్వరికిని అర్థము కాలేదు. తన దుఃఖమే అన్నిటికంటె పెద్దదని తలచుచుండెను. సేయిషు అను బాలుని స్నేహమువలనను, దుష్టాధికారి రథము క్రింద పడి ఆ బాలుడు మరణించుటవలనను ఆమె కన్నులు తెఱచుకొన్నవి. పదార్థజ్ఞానము వేఱు, పరదుఃఖజ్ఞానము వేఱను ఈ విషయము పాత్రముఖమున ఉపన్యాసముగా కాక, కథాసంఘటనచే నిరూపింపబడినది.

7. శాకుంతలోపాఖ్యానముతో పోలిక

ఐకావా చేసిన మార్పును అపూర్వమని భావింప బనిలేదు. భారతమునందలి శకుంతల దుష్యంతునకు తన జన్మవృత్తాంతమును తానే చెప్పుకొనును. పుత్రునకు రాజ్యమను నియమమును తానే విధించును. కణ్వశిష్యులు విడిచిపోగా నిండుకొలువున పుత్రునితో నిలిచి, తన్నెఱుగనన్న రాజుతో తానే వాదించును. నన్నయ ఆదిపర్వమునందును ఆమె వాక్కు ఆ గాంభీర్యమును కోల్పోలేదు. ఆమెకు సఖులు లేరు.

కాళిదాసు ఆమెకు అనసూయాప్రియంవదలను ఇచ్చెను. జన్మవృత్తాంతము అనసూయ నోట వచ్చినది; అనురాగము చెలుల పరిహాసములచే వ్యక్తమైనది; దుర్వాసశాపము చెలులకు మాత్రమే వినబడినది. దుష్యంతునకు విదూషకుడు తోడైనాడు. కొలువున శకుంతలవెంట గౌతమియు, శార్ఙ్గరవ శారద్వతులును వచ్చిరి. ఈ పాత్రలవలన భావము దృశ్యమై, నాటకము రసవంతమయ్యెను. దాని మూల్యము మాత్రము స్పష్టము: భారతశకుంతలయొక్క నిర్భయమైన యొంటరితనము నాటకమున లేదు. రాజదోషములో నధికభాగము శాపమునకు సంక్రమించినట్లే, ఆమె వాదశక్తిలో కొంత సహచరులకు సంక్రమించినది. పదునైదవ శతాబ్దిలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలమున భారతకథను, నాటకకథను మేళవించుట ఈ రెండు రూపములును దేనికది విలువగలదని తెలుగుకవి గుర్తించుటకు నిదర్శనము.

ప్రతిభయందు ఐకావాను కాళిదాసుతో సరిపోల్చుట ఇచట ఉద్దేశము కాదు. శ్రవ్యము దృశ్యమగునపుడు ఏకాకియగు పాత్రకు సహచరులు పుట్టుట దేశకాలాతీతమైన యొక అవసరమని చూపుటయే ఉద్దేశము. కాబట్టి రూపాంతరమును పరీక్షించువారు మూలమున లేని పాత్ర చేరినదని ఆక్షేపించుటతో తృప్తిపడరాదు. చేరిన పాత్ర ప్రధానపాత్రనుండి దేనిని తీసికొన్నదని ప్రశ్నింపవలయును. వెలుగులో కొంత తీసికొన్నచో నష్టము స్వల్పము; నిర్ణయభారమును తీసికొన్నచో కృతియొక్క మూలమే కదలును.

8. ఉపసంహారము

ఈ గీటురాయిపై పరీక్షించినచో ధారావాహికకు మిశ్రఫలమే లభించును. యోకోయొక్క చీకటిలో కొంత సుగిమోతో పాలైనది. కాని సంవిధానకర్త సహచరులిద్దఱను ముందే దూరముచేసి, వానరమును ఖండించు ఘట్టమునకు యోకోను ఒంటరిగానే చేర్చెను. ఆ యొక్క నిర్ణయమును ఆమెనుండి తీసికొనలేదు. అందుచేతనే ఎన్ని మార్పులున్నను ధారావాహిక మూలకథకు బంధువుగానే నిలిచినది.

ఆ నిర్ణయముయొక్క ఫలము తరువాతి నవలయందు కనబడును. రాజ్ఞియైన యోకో తన రాజ్యమును ఎఱుగక, మంత్రుల మాట కాదనలేక, మఱల పరుల ముఖములను చూచి బ్రదుకవలసివచ్చును. అపుడామె కొలువు విడిచి ప్రజలలో సామాన్యురాలిగా వసించి, దుష్టాధికారులపై చెలరేగిన తిరుగుబాటున పాల్గొని, రాజధానికి మరలి తన మొదటి శాసనమును ప్రకటించును. అది పన్నులను గూర్చినది కాదు, సేనను గూర్చినదియు కాదు. ఇకపై తన రాజ్యమున ఎవ్వరును ఎవ్వరి యెదుటను సాష్టాంగపడరాదని ఆ శాసనము. ప్రతి మానవుడును తనకు తానే ప్రభువై తల యెత్తి నిలువవలయునని ఆమె కోరిక.

ఎవ్వరి ముఖము చూడవలసివచ్చినను భయపడిన బాలిక, ఎవ్వరును చూడనిచోట తన్ను తాను జయించిన బాలిక, తన ప్రజల ముఖములను చూడగోరుట ఈ శాసనమునకు అర్థము. ఆ నగరద్వారమునొద్ద ఆమె యొంటరిగా చేసిన విచారమే ఇచట రాజ్యశాసనముగా పరిణమించినది. భారతీయభాషలలోనికి ఈ గ్రంథము వచ్చు పక్షమున, అనువాదకుడు గాని నాటకకర్త గాని మఱి యేది మార్చినను ఈ రెంటి సంబంధమును మాత్రము తెగనీయరాదు.